లందా కుండ, చిగురుపన్ను

సుక్మా జిల్లా కోంటా ప్రాంతంలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న మరైగూడ పరిసరాలు ప్రధానంగా దోర్లా తదితర ఆదివాసుల ఆవాసాలు. ఇప్పసారా, జీలుగుకల్లుతో పాటు, బియ్యంతో ఇంట్లోనే తయారుచేసుకునే లందా అనే పులిసిన పానీయం ఈ బస్తర్ ప్రాంత ఆదివాసులకు తరతరాలుగా తెలుసు. బియ్యప్పిండిని ఆవిరిపై ఉడికించి, మొలకెత్తించి ఎండబెట్టి దంచిన మొక్కజొన్న పిండిని అందులో కలిపి, నీళ్లు పోసి కుండలో కొన్ని రోజులు పులియనిస్తారు. మొలకెత్తే గింజలో తయారయ్యే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టగా, ఆ చక్కెరను ఈస్టు అనే సూక్ష్మజీవి మద్యసారంగా మారుస్తుంది. ఐరోపాలో మొలకెత్తిన బార్లీతో చేసే మాల్టుకూ, ఇంట్లో బీరు తయారీ కొత్తగా నేర్చుకునేవారు నేడు డబ్బాల్లో కొనే చిక్కటి మాల్టు పాకానికీ ఆధారం ఇదే సూత్రం కనుక, లందాను మోటు సారాగా కొట్టిపారేయడం అన్యాయం.

ఈ ఇంటి విద్యను పాలకులు ఆదాయ వనరుగానే చూశారు. ఉదాహరణకు, గోదావరి మన్యంలోని రంపలో సొంత వాడకానికి కల్లు గీసుకోవడాన్ని సైతం అడ్డగించిన మద్రాసు ఆబ్కారీ విధానమూ, కల్లుపై వేసిన చిగురుపన్నూ 1879 తిరుగుబాటుకు ముఖ్య కారణాలయ్యాయి. తర్వాతి కాలంలో, షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపానీయాలను నిషేధించే లేదా నియంత్రించే అధికారాన్ని గ్రామసభలకూ, తగిన స్థాయి పంచాయతీలకూ కల్పించాలని 1996 నాటి పెసా (షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం రాష్ట్రాలను నిర్దేశించింది.