కావ్యగోష్ఠియు సహపానమును

కవిత్వశిక్షణమునకుఁ గాఫీతోఁ బనియేమి యని పండితులు కొంద ఱాక్షేపింతురు. విద్యాస్థానమునఁ బానీయము ప్రవేశించుట యనాచారమనియు, నిది నవీనుల వ్యసనమనియు వారి యభిప్రాయము. ఈ యాక్షేపము చరిత్రయెదుట నిలుచునా యని విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

సహపానమునకు శ్రుతిప్రమాణముగాఁ గొందఱు తైత్తిరీయోపనిషత్తునందలి శాంతిపాఠమును జూపుదురు. గురుశిష్యులు కలసి భుజింతురు గాక యని వారు చెప్పు నర్థము. అది వ్యాకరణమునకుఁ బొసఁగదు. భుజధాతువు పాలనార్థమునఁ దప్పఁ దక్కిన యర్థములయం దాత్మనేపదియని పాణిని శాసనము. అచ్చటి ‘భునక్తు’ అను రూపము పరస్మైపదము; పైఁగా నేకవచనము, ప్రథమపురుషము. దానికిఁ గర్తలు గురుశిష్యులు గారు. వారిని బాలింపవలసిన పరమాత్మయే కర్త. పక్షము మనకిష్టమైనంతమాత్రమునఁ జెల్లని ప్రమాణమును జూపరాదు. ప్రమాణమును వేఱొకచోట వెదకవలయును.

వాత్స్యాయనుఁడు కామసూత్రములలో నాగరకుని వినోదములను జెప్పుచు గోష్ఠీసమవాయమును, సమాపానకమును వేర్వేఱుగాఁ బేర్కొనెను. కావ్యచర్చ మొదటిదానికిఁ జెందినది. పానము రెండవదానికిఁ జెందినది. ఇచ్చట నాక్షేపకులకుఁ గొంత బలము గలదు. కాని యాపానము మద్యపానము, బుద్ధిని మఱపించునది. దానికిఁ జెప్పిన వేర్పాటు బుద్ధిని మేలుకొలుపు పానీయమునకుఁ జెల్లుననుటకు హేతువు లేదు. క్రీ. శ. 900 ప్రాంతమునందలి రాజశేఖరుఁడు కావ్యమీమాంసలోఁ గవిదినచర్యను యామములుగా విభజించెను. మొదటి యామమున విద్యాభ్యాసము, రెండవదానఁ గావ్యరచన, భోజనానంతరము కావ్యగోష్ఠి, నాల్గవ యామమున నుదయరచనకుఁ బరీక్ష. ఆ పరీక్ష యొంటిగానైనను గొలఁదిమందితోనైనను జేయవచ్చునఁట. రసావేశమున నున్న కవికిఁ దన దోషము గానరాదని యాతఁడు చెప్పిన హేతువు. సాయంతనమునకుఁ గొంచెము ముందు, కొలఁదిమంది, పద్యపరీక్ష: నేఁటి కాఫీవేళకు నిదియే తగిన పూర్వరూపము.

పూర్వకవికి లభించిన గౌరవము తాంబూలము. నైషధకర్తయగు శ్రీహర్షుఁడు కాన్యకుబ్జరాజువలనఁ దనకు రెండు తాంబూలములును నాసనమును లభించుట కావ్యాంతమునఁ జెప్పుకొనెను. పెద్దన పేరఁ బ్రసిద్ధమైన చాటువు కవిత్వమునకు వలయు వానిలోఁ గప్పురపువిడెమును జేర్చినది. అయినను రాజు కవి కొసఁగు తాంబూలము పైనుండి దిగునది. ఎవనికెన్ని యనుదానినిబట్టి తారతమ్యము తెలియును. అది సమ్మానము గాని సహపంక్తి గాదు.

కాఫీ త్రోవ వేఱు. అరబ్బుల ‘కహ్వా’ తురుష్కుల నోటఁ ‘గహ్వే’యై, యైరోపీయులచేఁ గాఫీయై మనకుఁ జేరినది. మక్కాలో 1511లో దీనిని నిషేధించిరి. ఇస్తాంబులునఁ 16వ శతాబ్ది నడుమ వెలసిన కాఫీశాలలలోఁ గవులు క్రొత్తపద్యములను వినిపించి గుణదోషములు చర్చించుకొనిరి. ఇంగ్లండున రెండవ చార్లెసురాజు 1675 డిసెంబరులోఁ గాఫీశాలలను మూయ నుత్తరువు చేసి, 1676 జనవరిలోనే వెనుదీసెను. నలుగురు సమముగాఁ గూర్చుండి మాటలాడు చోటన్న నధికారమునకు భయము. మనదేశమునకు బాబా బుదాను 17వ శతాబ్దిలోఁ జిక్కమగళూరు కొండలకు గింజలు దెచ్చెనని ప్రతీతి.

సికందరుజా పేర 1806లో నామకరణమొందిన సికింద్రాబాదు ఆంగ్లేయుల సేనానివేశము. మదరాసు సైన్యముతోను, దాని కొలువులతోను నఱవకుటుంబములు పెక్కులు వచ్చినవి. మారేడుపల్లె యట్టివారికి నెలవు. హుస్సేనుసాగరమున కావల హైదరాబా దిరానీ చాయకుఁ బ్రసిద్ధము; ఈవల మారేడుపల్లె యిండ్లలో ఫిల్టరుకాఫీ వాసన.

కాని కాఫీ తనంతఁ దాను సమత్వమును గల్పింపదు. 20వ శతాబ్ది పూర్వార్ధమున మదరాసు రాజధానియందలి పెక్కు కాఫీహోటళ్లలో బ్రాహ్మణులకు వేఱుచోటుండెను. పానీయ మొక్కటియే, పంక్తులు రెండు. దీనిని మఱచి కాఫీని బొగడుట చరిత్ర గాదు.

మారేడుపల్లెలోఁ బద్యరచన నేర్పుచు నేను గమనించిన దొకటి. పాఠము నడుమ యతిభంగమును జూపినచో విద్యార్థి తలవంచి దిద్దుకొనును, హేతు వడుగఁడు. గ్లాసులు చేతికి వచ్చినపిదప నాతఁడే యచ్చట స్వరయతి యేల చెల్లదని యడుగును. వేఱొకఁడు తోడివాని పద్యమునందలి క్లిష్టాన్వయమును జూపును. నా సవరణనుగూడఁ బ్రశ్నించును. రాజశేఖరుఁడు చెప్పిన పరీక్ష యప్పుడే యారంభమగును.

కాఁబట్టి కావ్యశిక్షణమునఁ గాఫీ విధియుఁ గాదు, నిషిద్ధమును గాదు. ప్రశ్నకుఁ జోటిచ్చినంతవఱకే యది గోష్ఠికిఁ దగును. అందుకు నియమ మొక్కటి చాలును: గ్లాసులన్నియు నొక్కతీరుగా నుండవలయును. గురువునకు వెండిగ్లాసును, శిష్యునకు గాజుగ్లాసును నైనచో, నది మరలఁ దాంబూలమే యగును.