అడగని పుస్తకం



ప్రమిదల కోసం అటక ఎక్కితే, ఎప్పుడో పోయిందనుకున్న జంతికల గొట్టం దొరుకుతుంది. మనందరికీ అనుభవమే కదూ? పుస్తకాల బీరువాల మధ్య కూడా అలాగే జరుగుతుంది. అలా దొరికిన ఒక నిధి కథ ఈవేళ మీకు చెబుతాను.

గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ పేరు వినని వారుండరు. ఆయన చదువును మలుపు తిప్పింది ఒక లైబ్రరీ పుస్తకమే. 1903 ప్రాంతంలో, కుంభకోణం కాలేజీ లైబ్రరీ నుంచి స్నేహితులు తెచ్చిపెట్టిన గణిత సంగ్రహం అది. రాసిన కార్ అనే ఆయన మహాపండితుడేమీ కాదు, లండనులో ట్యూషన్లు చెప్పుకునేవాడు. వేలకొద్దీ సూత్రాలున్న ఆ పుస్తకం పదహారేళ్ళ కుర్రవాడిలో దీపం వెలిగించింది.

1920 ఏప్రిల్ 26న, ముప్ఫయి మూడేళ్ళయినా నిండకుండానే, రామానుజన్ మద్రాసులో కన్నుమూశారు. జబ్బుతో మంచం పట్టి కూడా లెక్కలు మానలేదు. ఆ కాగితాలను 1923లో మద్రాసు యూనివర్సిటీవారు ఆక్స్‌ఫర్డులోని హార్డీ గారికి పంపారు. కొంతకాలానికి అవి వాట్సన్ అనే ఆచార్యుడి చేతికి వెళ్ళాయి. ఆయన 1965లో పోయారు. సంతాప వ్యాసం రాయడానికి విటేకర్ అనే ఆచార్యుడు వాళ్ళింటికి వెళితే, వాట్సన్ గారి భార్య భోజనం పెట్టి, భర్త గది చూపించారట. నేలమీద అడుగు మందాన కాగితాలు! కొద్దిరోజుల్లో తగలబెట్టబోతున్నారు. ఆయన చేతికందినవి లాగి చూస్తే రామానుజన్ కాగితాలు బయటపడ్డాయి. 1968 డిసెంబరులో అవి కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీ లైబ్రరీకి చేరాయి.

అక్కడ భద్రంగానే ఉన్నాయి. కాని వాటిలో ఏముందో గణితలోకానికి తెలియదు. 1976లో అమెరికా నుంచి జార్జ్ ఆండ్రూస్ కేంబ్రిడ్జి వచ్చారు. "వాట్సన్ కాగితాలు ట్రినిటీలో ఉన్నాయి, ఒకసారి చూడండి" అని సూచించింది ఒక స్త్రీయే, గణితజ్ఞురాలు లూసీ స్లేటర్. ఆండ్రూస్ పెట్టె తెరిచి ఒక్కొక్క కాగితమే తిరగేశారు. నూరు పైచిలుకు పేజీలు, ఆరువందల పైచిలుకు సూత్రాలు! రామానుజన్ చివరి ఏడాది కనిపెట్టిన ‘మాక్ తీటా’ ప్రమేయాలు అందులో ఉన్నాయి. ఆండ్రూస్ డాక్టరేటు చేసింది సరిగ్గా వాటిమీదే, కనుక చూడగానే గుర్తుపట్టారు. వేరెవరి చేతికి వచ్చినా చిత్తుకాగితాలుగానే కనిపించేవేమో! ఆ ప్రమేయాలు తర్వాత కృష్ణబిలాల పరిశోధనకు కూడా పనికివచ్చాయి.

అప్పటికి రామానుజన్ పోయి 56 ఏళ్ళు. కుట్టుపని చేసుకుంటూ మద్రాసులో బతుకు వెళ్ళదీసిన ఆయన భార్య జానకమ్మగారు అప్పటికింకా ఉన్నారు. భర్త చివరి రోజుల కష్టం వృథా కాలేదని ఆమె కళ్ళారా చూశారు. ఆ గది ఇంకో వారం ఆగకుండా ఊడ్చేసి ఉంటే?

కేటలాగు గాని, ఇప్పటి కంప్యూటరు గాని, అడిగినదానికే జవాబు చెబుతుంది. ఏం అడగాలో తెలియనివారికి బీరువాయే దిక్కు. ఈ సంగతి మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా పనిచేసిన రంగనాథన్ గారికి బాగా తెలుసు. లెక్కల మాస్టారుగా జీవితం మొదలుపెట్టిన ఆయన, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని 1931లోనే సూత్రం రాశారు. అందుకోసం పాఠకులను బీరువాల దగ్గరికి రానివ్వాలన్నారు. రామానుజన్ జీవితచరిత్ర కూడా రాశారు.

నేను మెట్రిక్ చదివే రోజుల్లో ఒక లైబ్రరీకి వెళితే, "పుస్తకం పేరు చీటీమీద రాసివ్వమ్మా" అన్నారు కౌంటరు దగ్గర. పేరు తెలిస్తే కదా! ఉత్త చేతులతో తిరిగి వచ్చాను. ఆ చిన్నతనం ఇప్పటికీ మరచిపోలేదు.

అందుకే చెబుతున్నాను. పిల్లల్ని లైబ్రరీకి తీసుకువెళ్ళినప్పుడు పరీక్ష పుస్తకం చేతికిచ్చి వెంటనే లాక్కురాకండి. ఒక అరగంట బీరువాల మధ్య తిరగనివ్వండి. మీరూ తిరగండి. ఇంట్లో పెద్దల కాగితాలను పాతపేపర్లవాడికి తూచి ఇచ్చేముందు, కూర్చుని ఒకసారి తిరగేసి చూడండి.