చిన్న కారు ముందు, పెద్ద కారు తర్వాత

1968లో మోనోగ్రామ్ అనే అమెరికన్ కంపెనీ ‘రెడ్ బారన్’ పేరుతో ఒక కిట్టు అమ్మకానికి పెట్టింది. డబ్బాలోని ప్లాస్టిక్ ముక్కలు జిగురుతో అతికించుకుంటే జానెడు కారు తయారవుతుంది. రూపొందించినవాడు టామ్ డేనియల్. కారుకి టాపు ఉండాల్సిన చోట మొదటి ప్రపంచయుద్ధం నాటి జర్మన్ సైనికుడి శిరస్త్రాణం బోర్లించాడు. ముందు విమానం ఇంజను పెట్టాడు. అలాంటి కారు అప్పటికి లోకంలో ఎక్కడా లేదు. కిట్టు మాత్రం విపరీతంగా అమ్ముడుపోయింది. అది చూసి కార్ల ప్రదర్శనలు నడిపే బాబ్ లారివీ అనే ఆయన, డెట్రాయిట్‌లో చక్ మిల్లర్ షెడ్డుకి వెళ్ళి దీన్ని నిజంగా కట్టిపెట్టమన్నాడు. 1969లో నిజం కారు వచ్చింది. విమానం ఇంజను కుదరక, పాంటియాక్ ఆరు సిలిండర్ల ఇంజనుతో సరిపెట్టుకున్నారు.

బొమ్మ అంటే అసలుకి నకలని కదా మన లెక్క. ఇక్కడ బొమ్మే అసలు. నిజం కారు దాని నకలు, అదీ కాస్త రాజీపడ్డ నకలు. డెట్రాయిట్ పక్కన చాలా ఏళ్ళుగా ఉంటూ, శని ఆదివారాలు ఈ బొమ్మ కార్లు కడుతూ, పాత డబ్బాల కోసం సంతలు తిరుగుతూ ఉండగా నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ ఊళ్ళో ఇది వింతేమీ కాదు. ఇక్కడ ఎప్పుడూ చిన్న కారే ముందు.

జనరల్ మోటర్స్ 1927లో హార్లీ ఎర్ల్‌ని పిలిచి, కార్ల అందచందాలు చూడటానికే ఒక విభాగం పెట్టించింది. ఎర్ల్ అంతకుముందు కాలిఫోర్నియాలో సినిమా తారలకి వాళ్ళు కోరిన తీరులో కార్ల బాడీలు కట్టించి ఇచ్చేవాడు. అంటే ఈ కథలో మొదటి పెద్ద కస్టమైజర్ ఆయనే. రేకూ కొయ్యా పట్టుకుని కుస్తీ పట్టే పనిని ఆయన మెత్తటి బంకమన్నులోకి మార్చాడు. ముందు చిన్న సైజులో మట్టితో చేస్తారు, నలుగురూ చుట్టూ తిరిగి చూస్తారు, గీకుతారు, అతికిస్తారు, ఆ తర్వాత నిండు సైజు. రోడ్డు మీదకొచ్చిన ప్రతి కారు వెనకా రోడ్డెక్కని చిన్న కార్లు ఇన్నని చెప్పలేనన్ని ఉన్నాయి.

ఇది లోపలి సంగతి. బయటి పిల్లల చేతికి చిన్న కారు ఎలా వచ్చిందన్నది అసలు కథ.

ఫిషర్ అన్నదమ్ములు ఏడుగురు. గుర్రబ్బగ్గీలు చేసే కుటుంబం నుంచి వచ్చి, 1908లో కార్ల బాడీలు కట్టే కంపెనీ పెట్టారు. 1926 నాటికి అది పూర్తిగా జనరల్ మోటర్స్‌ది అయిపోయింది. వాళ్ళ ముద్ర ఒక రాజుగారి బగ్గీ. నెపోలియన్ వాడిన రెండు బగ్గీలని కలిపి గీసిన బొమ్మ. 1930లో, ఆర్థికమాంద్యం మొదలైన మరుసటేడు, ఆ కంపెనీ ‘ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్’ అని మగపిల్లలకి ఒక పోటీ పెట్టింది. ఆ ముద్రలో ఉన్న బగ్గీని చిన్న సైజులో అచ్చంగా చేసి చూపించాలి. కంపెనీ నకాశాలు పంపుతుంది. తలుపులు తెరుచుకోవాలి. చక్రాలకి కమ్మీలుండాలి. కొయ్య చెక్కాలి, రేకు వంచాలి, లోపల బట్ట కుట్టాలి, పైన బంగారు రంగు పూయాలి. కుర్రాళ్ళు వందల గంటలు కూర్చునేవారు. గెలిచిన నలుగురికి తలా ఐదువేల డాలర్ల విద్యార్థివేతనం. తిండికి క్యూలు కట్టిన రోజుల్లో ఐదువేలంటే ఒక కుర్రాడి కాలేజీ చదువు మొత్తం.

ఇంత ఉదారత ఎందుకు అని అడగాల్సిందే. కంపెనీ చెప్పుకున్న కారణం చేతిపనిని బతికించడం. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. కార్ల బాడీకి లోపల కొయ్య చట్రం ఉండేది అప్పట్లో, వడ్రంగుల పని. 1935 మోడళ్ళకి అదే ఫిషర్ కంపెనీ టాపు మొత్తాన్ని ఒకే ఉక్కు రేకుతో ప్రెస్సులో నొక్కి దించింది. ‘టరెట్ టాప్’ అని గొప్పగా ప్రకటనలు వేసుకుంది. ఫ్యాక్టరీలో ఉలి మూలబడుతున్న రోజుల్లోనే ఊరూరా పిల్లల చేత ఉలి పట్టించారన్నమాట. నాకిది కుట్రలా అనిపించదు. వృత్తి వదులుకుంటున్న ఇంట్లో తాతగారి పనిముట్లు అద్దాల బీరువాలోకి చేరడం మనకీ తెలిసిందే కదా.

1937 నుంచి పోటీలో ఇంకో భాగం చేర్చారు. బగ్గీకి బదులు, సొంతంగా ఊహించిన కారు. లోకంలో లేనిది. కథ మలుపు తిరిగింది ఇక్కడే అంటాను. బగ్గీ పోటీలో నకాశాకి ఎంత దగ్గరగా వచ్చావన్నదే మార్కు. కొత్త పోటీలో నకాశాయే లేదు. కంపెనీకి వడ్రంగి అక్కర్లేదు ఇప్పుడు, గీసేవాడు కావాలి. యుద్ధం వల్ల ఆగిన పోటీ 1946లో మళ్ళీ మొదలయ్యాక బగ్గీ ఎక్కువకాలం నిలవలేదు, కారే మిగిలింది. నిజం కారులో పన్నెండో వంతు. పదహారు పదిహేడు అంగుళాలు పొడుగు, చక్కగా కోసిన కొయ్యదుంగ, పొరమీద పొర రంగు, అద్దంలా మెరిసేదాకా నున్న చేయడం. 1947లో గెలిచిన చక్ జోర్డన్ రెండేళ్ళకి జనరల్ మోటర్స్‌లో చేరాడు. 1986 నుంచి 1992 దాకా ఆ కంపెనీ డిజైన్ విభాగం మొత్తానికి అధిపతి ఆయనే. ఆయనొక్కడే కాదు, ఆ స్టూడియోల్లో గిల్డు నుంచి వచ్చినవాళ్ళు ఎంతోమంది. ఇంట్లో బల్లమీద కొయ్య చెక్కిన కుర్రాణ్ణి వెతికి పట్టుకోవడానికి ఇంతకంటే చవకైన వల ఇంకోటి ఉండదు.

వల అని ఎందుకన్నానంటే, అందులో సగం జనాభా పడే వీలు లేదు. పోటీ మగపిల్లలకే. 1950ల మధ్యలో ఎర్ల్ కొందరు ఆడవాళ్ళని డిజైనర్లుగా తీసుకున్నాడు. పత్రికల కోసం వాళ్ళకి ‘డామ్సెల్స్ ఆఫ్ డిజైన్’ అని పేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే డిజైన్ కన్నెపిల్లలు. ఆ పేరు వాళ్ళకి నచ్చలేదు. కారు లోపలి సీట్లూ, బట్టలూ, రంగులూ వాళ్ళ వంతు. బయటి ఆకారం మగవాళ్ళది. సుజాన్ వాండర్‌బిల్ట్ లాంటి ఒకరిద్దరు దశాబ్దాలు నిలిచారు. పన్నెండేళ్ళప్పుడు ఎవరి చేతిలో కొయ్యదుంగ పెట్టారన్నది ముప్ఫై ఏళ్ళప్పుడు ఎవరు ఏ పని చేస్తారన్నదాకా సాగింది. ఈ హాబీ గురించి రాసే పాత పుస్తకాల్లో ఈ మాట ఒక్క వాక్యంలో దాటేస్తారు.

ఇక రెండో దారి ట్రాయ్ ఊరి మీదుగా వస్తుంది. ఇక్కడి తెలుగువాళ్ళకి ట్రాయ్ అంటే భారతీయ టెంపుల్ ఉన్న ఊరు. నాలాంటివాళ్ళకి ఏఎంటీ పుట్టిల్లు. వెస్ట్ గలోగ్లీ అనే న్యాయవాది 1948లో ‘అల్యూమినియం మోడల్ టాయ్స్’ అని పెట్టాడు. పనేమిటంటే, ఫోర్డ్ డీలర్లకి ఇరవై ఐదో వంతు కార్లు చేసివ్వడం. డీలరు బల్లమీద పెడతాడు, కొనడానికొచ్చినాయనకి రంగు చూపిస్తాడు, పక్కన పిల్లాడుంటే వాడి చేతిలో పెడతాడు. త్వరలోనే అల్యూమినియం పోయి ప్లాస్టిక్ వచ్చింది. పేరులో అల్యూమినియం ఇబ్బందిగా ఉండి కాబోలు, మూడక్షరాలే మిగిల్చారు. తొలినాళ్ళ ఆ ప్లాస్టిక్ కాలం గడిచేకొద్దీ మెలికలు తిరిగిపోతుంది. సంతల్లో అరటికాయలా వంగిన 1950ల నాటి ఫోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి, ధర మాత్రం వంగదు.

ఈ కార్లు షోరూములోకి నిజం కారుతో పాటే రావాలి. అంటే కార్ల కంపెనీలు నకాశాలు ముందే, గుట్టుగా, బొమ్మల కంపెనీకి ఇచ్చేవి. ఆ అచ్చులు ఎలాగూ ఉన్నాయి కదా అని, 1958లో ఏఎంటీ వాటినే విడిముక్కలుగా డబ్బాలో పెట్టి దుకాణాల్లో అమ్మింది. డబ్బా మీద ‘త్రీ ఇన్ వన్’. ఒకే కారుని షోరూములో ఉన్నట్టు కట్టుకోవచ్చు, పందెం కారుగా కట్టుకోవచ్చు, లేదా కస్టమ్‌గా. డాలరున్నర లోపే. కొయ్య, ఉలి, నెలల ఓపిక, ఏమీ అక్కర్లేదు. గిల్డు కొద్దిమందికి ఇచ్చిన స్వేచ్ఛని ఈ డబ్బా అందరికీ పంచింది, కాకపోతే మూడు ముక్కలుగా కోసి.

కోసినా పిల్లలు ఆ మూడింటి దగ్గర ఆగలేదు. తాటిబుర్రలకి కర్ర గుచ్చి బండి చేసుకున్నవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఒక డబ్బాలోని ఇంజను ఇంకో డబ్బాలోని ఫోర్డులోకి వెళ్ళింది. కాలిఫోర్నియా షెడ్లలో పెద్దవాళ్ళు నిజం కార్లకి చేసే పనులన్నీ బల్లమీదకొచ్చాయి: కిటికీ స్తంభాలు కోసి టాపు కిందకి దించడం, బాడీని నడుము దగ్గర అడ్డంగా కోసి ఒక పట్టీ తీసేయడం, తలుపు పిడులు చెక్కేసి ఆ చోట లప్పం పూడ్చడం. ఇరవై ఐదో వంతులో టాపుని మూడంగుళాలు దించడమంటే స్తంభంలోంచి మూడు మిల్లీమీటర్లు తీయడం. వినడానికి చిన్నదే. స్తంభాలు ఏటవాలు కాబట్టి టాపు దించగానే కింది మొండెంతో కలవదు. ముందుకో వెనక్కో జరపాలి, లేదా టాపునే రెండుగా కోసి మధ్యలో అతుకు వేయాలి. రేకు మీద కూడా సరిగ్గా ఇదే తంటా. ఏఎంటీ జార్జ్ బారిస్ లాంటి పేరున్న కస్టమైజర్లని సలహాకి పెట్టుకుంది, విడి కస్టమ్ ముక్కలు కూడా అమ్మింది.

ఆ బారిస్ సంగతే ఒకటుంది. లింకన్ కంపెనీ 1955లో ‘ఫ్యూచురా’ అని ప్రదర్శన కోసం ఒకే ఒక్క కలల కారు ఇటలీలో కట్టించింది. మరుసటేడు రెవెల్ దాని కిట్టు తెచ్చింది. అసలు కారు చేతులు మారి బారిస్ దగ్గర పడి ఉంది. 1966 టీవీ బ్యాట్‌మన్‌కి అర్జెంటుగా కారు కావాలంటే, ఆయన దాన్నే కోసి, అంచులు వంచి, నల్లరంగు కొట్టాడు. ప్రపంచమంతా గుర్తుపట్టే బ్యాట్‌మొబైల్ అలా తయారైంది. చూడబోతే, పదేళ్ళుగా పిల్లల అలమార్లలో ఉన్న కిట్టుకి ఏ పిల్లాడైనా చేసే పనే బారిస్ నిండు సైజులో చేశాడు.

నా దగ్గర ఒక డబ్బా ఉంది. ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తుంటే కొన్నాను. 1960ల తొలినాటి పాంటియాక్. మామూలు బంపర్లన్నీ ఇంకా కొమ్మకే ఉన్నాయి. కస్టమ్ ముక్కలు ఒక్కటీ లేదు. బాడీకి వెనక తోకరెక్కలు కోసేసి, ఇంకేదో కారు దీపాలు అమర్చి, లప్పం పెట్టి సగం రుద్ది వదిలేశాడు. లప్పంలో వేలిముద్ర. సంతలో ఇది చూసినవాళ్ళు పాడైపోయిందంటారు, ముట్టుకోని డబ్బాకైతే ఎంతైనా ఇస్తారు. నాకు ఈ లెక్క మింగుడుపడదు. డబ్బా మీద రాసినట్టు చేసినవాడు ఆ కుర్రాడే కదా.

ముట్టుకోని డబ్బా అంత అరుదు కావడానికి కారణం వేరే ఉంది. ఏటా కారు మారినప్పుడు కొత్త అచ్చు చేయించడం ఖరీదని, పోయినేటి ఉక్కు అచ్చునే చెక్కి ఈ ఏటి కారుగా మార్చేవారు. అంటే 1962 కారు అచ్చులోంచి 1963 పుట్టాక, 1962 ఇక లేదు. కంపెనీ తలుచుకున్నా మళ్ళీ పోయలేదు. అచ్చుకి కూడా కస్టమైజింగే జరిగింది, వెనక్కి రాని రకం.

1968లో గిల్డు మూతపడింది. కార్ల అందం మీద అప్పటికి అనుమానాలు ముసిరాయి. ప్రమాదాల గురించి రాల్ఫ్ నాడర్ పుస్తకం వచ్చి మూడేళ్ళయింది. కొయ్యదుంగ ముందు ఏడాదంతా కూర్చునే కుర్రాళ్ళూ తగ్గారు. అదే ఏడు మాటెల్ తొలి పదహారు హాట్ వీల్స్ కార్లు వదిలింది. జనరల్ మోటర్స్‌లో పనిచేసి వచ్చిన హ్యారీ బెంట్లీ బ్రాడ్లీ గీసినవే ఎక్కువ. వాటిలో చాలావాటి పేరులోనే ‘కస్టమ్’ ఉంది: కస్టమ్ కమారో, కస్టమ్ మస్టాంగ్. ఫ్యాక్టరీలోనే కోసి, దించి, రంగేసి ఇచ్చేశారు. పిల్లాడు చేయాల్సింది నేలమీద పెట్టి తోయడమే.

పోయిన అచ్చుల కార్లని కొందరు ఇళ్ళలో రెజిన్‌తో పోసి అమ్ముతున్నారు. ఈ మధ్య ఇంకొందరు కంప్యూటర్లో గీసి ప్రింటరులో అచ్చు తీస్తున్నారు. ఎప్పుడూ కిట్టుగా రాని కార్లు, తయారే కాని కార్లు కూడా అందులో ఉన్నాయి. ప్రింటరులోంచి వచ్చిన బాడీ మీద పొరపొరగా సన్నటి గీతలుంటాయి. వాటిమీద లప్పం పూసి, ఆరనిచ్చి, గరుకు కాగితం తడిపి రుద్దాలి.