నార్ల వెంకటేశ్వరరావు

నార్ల వెంకటేశ్వరరావు (1908–1985) పత్రికా సంపాదకుడు, హేతువాది, రచయిత, రాజ్యసభ సభ్యుడు. జబల్పూరులో పుట్టారు, స్వస్థలం కృష్ణా జిల్లా కౌతవరం.

అప్పట్లో మద్రాసు నుంచి వెలువడుతున్న ఆంధ్రప్రభ దినపత్రికకు 1942లో సంపాదకుడయ్యారు. తెలుగు దినపత్రికల్లో సంపాదకీయాన్ని జనం వెతుక్కుని చదివే శీర్షికగా మార్చిన ఘనత చాలావరకు ఆయనదే. గ్రాంథికాన్ని పక్కనపెట్టి వాడుక భాషలో, పొట్టి వాక్యాలతో, సామెతలు దట్టించి, ఎంతటి నాయకుణ్నైనా మొహమాటం లేకుండా నిలదీసేవారు. ఆ పదునులో కొంత దురుసూ ఉండేది. అభిమానులు దాన్నీ ఇష్టపడ్డారు. 1959లో ఆంధ్రప్రభను వీడారు. మరుసటి ఏడాది విజయవాడలో మొదలైన ఆంధ్రజ్యోతికి తొలి సంపాదకుడు ఆయనే.

అంతకుముందే, 1958లో, రాజ్యసభకు వెళ్లారు. రెండు విడతలుగా 1970 వరకు కొనసాగారు. అంటే ఆంధ్రజ్యోతి తొలినాళ్లలో ఒకే మనిషి ఇటు సంపాదకుడు, అటు చట్టసభ సభ్యుడు. అయినా తెలుగువారు ఆయన్ను ఎంపీగా కంటే సంపాదకుడిగానే గుర్తుపెట్టుకున్నారు.

మానవవాద తత్వవేత్త ఎం.ఎన్. రాయ్ భావాలు ఆయనపై గాఢంగా పనిచేశాయి. పురాణాలను హేతువాద దృష్టితో తిరగరాసిన నాటకాల్లో 'సీత జోస్యం' ప్రసిద్ధం, వివాదాస్పదం కూడా. 1981లో కేంద్ర సాహిత్య అకాడమీ దానికి పురస్కారం ప్రకటించింది. 'నార్లవారి మాట' పద్యాలు విడిగా పేరు తెచ్చాయి.