రాని ప్రతివాది: భూవివాదములందు ఏకపక్షపు తీర్పులు

తెలుగునేలకు వెలుపల స్థిరపడిన మన కుటుంబముల పాత పెట్టెలలో పట్టాలు, శిస్తు రసీదులతోపాటు కోర్టు డిక్రీల నకళ్లును కొన్ని యెడల కనబడుచుండును. వానిలో కొన్నింటియందు ప్రతివాది హాజరు కాలేదను ముక్క తప్ప అతని పక్షమున ఒక్క వాక్యమైనను ఉండదు. ఇట్టి దానినే వాడుకలో ఎక్స్‌పార్టీ డిక్రీ యందురు. ఆ ముక్కను చూచి ప్రతివాదికి హక్కు లేకుండెనని తలచుట పొరపాటు. పిలిచినను రాకపోవుట వేరు. పిలుపే అందకపోవుట వేరు. భూమి దక్కుట, పోవుట పెక్కుసార్లు ఈ భేదముపైననే ఆధారపడి యున్నది.

మన ప్రాచీన ధర్మశాస్త్రములు ఈ భేదమును గుర్తించినవి. నారదుడు వ్యాజ్యమున ‘హీను’లను ఐదు విధములుగా చెప్పెను. వారిలో ఐదవవాడు ఆహూతప్రపలాయి, అనగా పిలువబడి పాఱిపోయినవాడు. పిలుపు ముందు, పలాయనము వెనుక. పిలువబడనివానికి ఈ దోషము అంటదు. పిలుచుటకును కాలనియమము కలదు. పైరుపనిలోనున్న కృషీవలుని, ఆల మేపుచున్న గోపాలుని, యుద్ధమునందున్న సైనికుని, రోగార్తుని ఆ సమయమున రప్పింపరాదు. భూవివాదములో మాట తప్పినవాడు దండనకు పాత్రుడైనను భూమిని కోల్పోడని కూడ నారదుడు చెప్పెను. ఐనను ఈ సడలింపు పిలుపు విని పాఱిపోయినవానికి చెల్లదని విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో వివరించెను. మితాక్షర కర్ణాటకమందలి కల్యాణములో, చాళుక్య ఆఱవ విక్రమాదిత్యుని కాలమున పుట్టినది. దానిని 13వ శతాబ్దిలో కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కన్నడదేశపు న్యాయగ్రంథము తెలుగువాని చేతికి వచ్చిన ఈ ఉదంతము మనవంటి వారికి ప్రత్యేకముగా ప్రీతిపాత్రము.

ఆంగ్లేయుల పాలనలో 1802లో మద్రాసు రాజధానియందు జిల్లా న్యాయస్థానములు ఏర్పడినవి. 1859లో తొలి సివిల్ ప్రొసీజరు కోడు వచ్చినది. నేటికిని అమలులోనున్నది 1908 నాటి కోడు. దాని 9వ ఆర్డరు ప్రకారము సమను సక్రమముగా అందినదని రుజువైననే ఏకపక్షముగా విచారింపవలెను. సమను అందలేదనిగాని, రాలేకపోవుటకు తగిన కారణము కలదనిగాని చూపినచో డిక్రీని రద్దు చేయింపవచ్చును. దీనికి గడువు 30 దినములు. సమను సక్రమముగా అందనియెడల, డిక్రీ సంగతి తెలిసిన దినమునుండి ఆ గడువు లెక్కింపబడును.

కాగితముపై ఇది న్యాయముగనే యున్నది. చిక్కంతయు ‘సక్రమముగా’ అను పదముననే యున్నది. మనిషి దొరకనప్పుడు కోర్టు అమీనా సమను నకలును ఇంటి వెలుపలి తలుపునకు అంటింపవచ్చును. అదియు కుదరనిచో పత్రికలో ప్రకటింపవచ్చును. ఆ పత్రిక ప్రతివాది చివరిసారి నివసించినట్లు తెలిసిన ప్రాంతమున చెల్లుబడిలోనున్న దినపత్రిక కావలెనని 1976 సవరణ చెప్పినది. ఆతడు ఇప్పుడున్న ఊరు, చదువగల భాష ఆ లెక్కలోనికి రావు.

సరిహద్దులు మాఱిన తావుల ఈ చిక్కు మఱింత పెద్దది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి పట్టణము అందు చేరెను. చేరువనున్న పాతపట్నము మద్రాసు వైపున నిలిచెను. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు పోయెను. ఇల్లు ఒక రాష్ట్రమున, మడి వేఱొక రాష్ట్రమున నున్న కుటుంబమునకు పొరుగు రాష్ట్రపు భాషలో సమను వచ్చుట వింత కాదు. పరరాష్ట్రమునకు సమను పంపినప్పుడు, దానిని అందజేసిన కోర్టు నివేదికకు అనువాదము జతచేయవలెనని 1976 సవరణలో ఒక నిబంధన కలదు. అది న్యాయస్థానము చదువుకొనుటకు. రైతు చదువుకొనుటకు కాదు.

ఫ్రెంచి పాలనలోనుండిన యానాములో న్యాయపద్ధతికి మూలము వేఱు. 1806 నాటి ఫ్రెంచి సంహితలో, న్యాయవాదిని పెట్టుకొనని ప్రతివాదిపై గైరుహాజరున పొందిన తీర్పును 6 మాసములలో అమలు జరుపనిచో అది లేనట్లే యగును. అమలగువఱకు ప్రతివాది ఆక్షేపణ తెలుపవచ్చును. మన కోడుకంటె ఇది రానివానియెడ దయగలదని నా అభిప్రాయము. 1968 చట్టముచే భారతీయ కోడు అచ్చటికిని వ్యాపించినది.

ఇక సుప్రీంకోర్టు మాట. విధానసూత్రములు శిక్షించుటకు కాక న్యాయమునకు తోడ్పడుటకే యని 1955లో జస్టిస్ వివియన్ బోస్ తీర్పు చెప్పెను. ప్రతివాది రానంత మాత్రమున వాది కోరినదెల్ల ఇచ్చివేయరాదు, వాది సాక్ష్యము ప్రాథమికముగానైన నిలువవలెనని 2003లో ఒక స్థలవివాదమున ఆ కోర్టే తేల్చినది.

కావున కుటుంబచరిత్ర వ్రాయబూనినవారు ఏకపక్షపు డిక్రీని చదువుటకు ముందు సమను వెనుకవైపు వ్రాతను వెదుకవలెను. తలుపునకు నకలంటించిన అమీనా ఏ పరిస్థితులలో అంటించెనో, ఆ యిల్లు ఫలానివారిదని గుర్తు చూపినదెవరో, ఎవరి సమక్షమున అంటించెనో అందు వ్రాయవలెనని నియమము. ప్రతివాది ఆనాటికి ఊరిలో నుండెనా, ఎన్నడో వలస పోయెనా యని తెలిసికొనుటకు ఆ నాలుగు పంక్తులే ఆధారము. డిక్రీ నకలు గెలిచినవాని యింట భద్రముగా నుండును. సమను మాత్రము కోర్టు కట్టలలోనే యుండును. ఆ కట్టలను ఎంతకాలముంచి తీసివేయవలెనో నిర్ణయించు అధికారము 1917 నాటి చట్టముచే హైకోర్టులకు కలదు.