చందమామ బొమ్మల మూలనున్న సంతకాలు



పంచతంత్రం మనకు కొత్త కాదు. చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలోని మిత్రలాభం, మిత్రభేదం మనలో చాలామంది బడిలో చదివినవే. అయితే ఆ గ్రాంథిక భాష పంతులుగారు విడమరచి చెబితే తప్ప పిల్లవాడికి కొరుకుడు పడేది కాదు. అదే కథ బొమ్మతో వస్తే చెప్పేవారు లేకపోయినా సగం అర్థమయ్యేది.

కథకు బొమ్మ తోడు కావాలన్న ఆలోచన పాతదే. పంచతంత్రం ఆరవ శతాబ్దంలో పహ్లవీ భాషకు, ఎనిమిదవ శతాబ్దంలో అరబ్బీకి వెళ్ళింది. మన కరటక దమనకులే అక్కడ కలీలా, దిమ్నా అయినారు. ఆ అరబ్బీ వ్రాతప్రతులలో నక్కలకు, సింహానికి రంగుల బొమ్మలు వేశారు. ఫ్రాన్సులో లా ఫాంటేన్ నీతికథలకు గుస్తావ్ డోరే 1860లలో గీసిన బొమ్మలు జగత్ప్రసిద్ధం.

తెలుగులో ఈ పనిని నెలనెలా, ఏళ్ళ తరబడి చేయించిన పత్రిక చందమామ. దానిని అచ్చువేసిన బి. నాగిరెడ్డి గారు మన కడప జిల్లా పొట్టిపాడులో 1912లో జన్మించారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వారమైన మనకు ఇది గర్వకారణం. మద్రాసులో అచ్చాఫీసు నడుపుతూ, తెనాలి వాసి చక్రపాణి గారితో కలిసి 1947 జూలైలో చందమామను ప్రారంభించారు. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన జంట కూడా వారిదే.

ఆ రోజుల అచ్చులో అక్షరాలు పేర్చడం ఒక పని, బొమ్మకు బ్లాకు చేయించడం వేరే ఖర్చు. ఖర్చుకు జంకేవారు ఒక కథకు ఒక బొమ్మతో సరిపెట్టేవారు. చందమామలో ఇంచుమించు పేజీ పేజీకి బొమ్మ ఉండేది. చదువురాని అవ్వ కూడా బొమ్మల వెంబడి కథ పట్టుకొని పోగలిగేది. పత్రిక పదికి పైగా భాషలలో వెలువడింది. అక్షరం మారినా బొమ్మ మారేది కాదు. మన పిల్లవాడు చూసిన నక్కనే ఒడియా పిల్లవాడూ చూశాడు.

మరి ఆ బొమ్మలు గీసినవారెవరు? దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క మొదలైన సీరియళ్ళకు ప్రాణం పోసినది 'చిత్రా'. అసలు పేరు టి.వి. రాఘవన్. భారత గాథల ముఖచిత్రాలు ఎం.టి.వి. ఆచార్య గారివి. రంగుల అట్టలతో అలరించిన వడ్డాది పాపయ్య గారు శ్రీకాకుళం వారు, 1992లో కన్నుమూశారు. 1952లో చేరిన శంకర్ గారు, అనగా కె.సి. శివశంకరన్, పత్రిక చివరి ఏళ్ళ దాకా గీస్తూనే వచ్చారు. చేత కత్తి, భుజాన శవంతో శ్మశానంలో నడిచే విక్రమార్కుడు అనగానే మన కళ్ళకు కట్టేది ఆయన బొమ్మే. 2020లో తన తొంభై ఆరవ ఏట పరమపదించారు. మరుసటి సంవత్సరం పద్మశ్రీ ప్రకటించారు. బ్రతికుండగా అందవలసిన గౌరవం అది.

నోట్‌ఫైలు అంచున పొడి అక్షరాలు చూసి, అది ఏ గుమాస్తా దస్తూరీయో ఇట్టే చెప్పగలిగినవాళ్ళం మనం. అట్టి మనమే ఇన్నేళ్ళు ఇన్ని బొమ్మలు చూసి, మూలనున్న 'శంకర్', 'చిత్రా', 'వపా' సంతకాలు ఎవరివని అడగలేదు. కథ రాసినవారికి దక్కిన పేరులో సగమైనా గీసినవారికి దక్కలేదు.

పత్రిక 2007లో చేతులు మారి, 2013 నాటికి ఆగిపోయింది. ఇక మిగిలినవి మన అటకల మీద, ట్రంకు పెట్టెలలో ఉన్న పాత సంచికలే. సభ్యులకు నా మనవి ఒక్కటే. వాటిని తూకానికి వేయకండి. దుమ్ము దులిపి, కుట్టు ఊడినవాటిని బైండు చేయించండి. మనుమలను ప్రక్కన కూర్చోబెట్టుకొని కథ చదివి వినిపించండి. చదివాక బొమ్మ మూలన వేలు పెట్టి, గీసినవారి పేరు కూడా చెప్పండి.