నల్లవాడు గ్రామమున మ్రోగిన మైకు

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను మన శ్రోతలలో పెద్దలు మరచియుండరు. కృష్ణాజిల్లా తీరమున వేలకొలది జనము సముద్రము పాలైరి. తంతి, టెలిఫోను తీగలు తెగిపోవుటచే ఆ ఘోరము ఎంతటిదో బయటివారికి తెలియుటకే దినములు పట్టినది. విపత్తు వేళ మాట ఎట్లు ప్రయాణము చేసినదో తెలుపు చరిత్రను ఎవరైన వ్రాయబూనినచో ఆ రాత్రితో మొదలిడవలెను. మేము ఇచట చెప్పదలచినది ఆ చరిత్రలోని తరువాతి ఘట్టమొకటి.

పుదుచ్చేరికి సమీపమున నల్లవాడు అను జాలరిపల్లె కలదు. తెలుగు చెవికి ఈ పేరు వింతగా తోచును గాని అది తమిళసీమలోని ఊరి పేరు. డాక్టరు ఎం. ఎస్. స్వామినాథన్ పేర వెలసిన పరిశోధనా సంస్థవారు 1998 నుండి ఆ చుట్టుపట్ల పల్లెలలో విజ్ఞాన కేంద్రములను నెలకొల్పసాగిరి. గది ఊరివారిది, నడుపువారును ఊరివారే. కంప్యూటరు మున్నగు సాధనములు మాత్రము సంస్థవారివి. పైరుపల్లెలకు ధరవరలు ముఖ్యము. కడలియొడ్డు పల్లెలకు అలల ఎత్తు ముఖ్యము. అమెరికా నౌకాదళమువారు ఇంటర్నెట్టులో నుంచు అలల సూచనలను దించుకొని, వానిని తమిళమున చెప్పి, బూర మైకులలో తీరపు పల్లెలకు వినిపించుచుండిరి. వేటకు పోవుటయో మానుటయో జాలరులు దానినిబట్టి నిశ్చయించుకొనుచుండిరి.

2004 డిసెంబరు 26, ఆదివారము. సుమాత్రా చెంత సముద్రగర్భమున భూమి కంపించిన పిదప అలలు మన తూర్పుతీరమును తాకుటకు రెండు గంటలకు పైగా పట్టినది. రెండు గంటలనగా తక్కువ వ్యవధి కాదు. కాని నాడు మన దేశమున సునామీ హెచ్చరిక వ్యవస్థయే లేదు. ఆ పేరు సైతము మనలో పెక్కురకు క్రొత్త. పూర్వము నల్లవాడు కేంద్రమున స్వచ్ఛందముగా పనిచేసిన యువకుడొకడు సింగపూరులో నుండెను. అతడు టెలివిజనులో వార్త చూచి ఇంటికి ఫోను చేసెను. అప్పటికే ఊరిలోనికి నీరు వచ్చుచుండెనట. కేంద్రమునకు తాళము వేసియున్నది. ఊరివారు తలుపు పగులగొట్టి, మైకు తీసి, అందరును ఇండ్లు విడిచి పొండని చాటిరి. సుమారు 3600 మంది గల ఆ ఊర ఒక్క ప్రాణమును పోలేదు. ఇండ్లు మాత్రము నూటికి పైగా, పడవలు ఇంకను ఎక్కువగా నాశనమైనవి.

పత్రికలవారు ఆ ఫోను పిలుపును విశేషముగా కొనియాడిరి. మాకు మాత్రము పగిలిన ఆ తలుపు ముఖ్యమని తోచుచున్నది. ఫోను ఒక్క ఇంటికి వచ్చినది. దానిని ఊరంతటికి చేర్చు సాధనము ఎచట నున్నదో ఊరివారికి ముందే తెలియును. దినదినము అలల ఎత్తును చెప్పుచు వచ్చిన మైకు అది. ఎన్నడును మ్రోగని మైకు ఆనాడే తొలిసారి మ్రోగియున్నచో ఎందరు నమ్మి పరుగెత్తియుందురు? దేశమునకంతటికి సునామీ హెచ్చరిక కేంద్రము 2007 అక్టోబరులో మన హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థలో వెలసినది.

తరువాతి కథ సముద్రముల కావల జరిగినది. 2010 జనవరి 12న హైతీ రాజధాని పోర్టో ప్రిన్సు భూకంపమున కూలినది. సాయము కోరువారు 4636 అను సంఖ్యకు ఉచితముగా సందేశము పంపు ఏర్పాటొకటి కొలదిదినములలో జరిగినది. సందేశములు క్రియోలు భాషలో వచ్చుచుండగా, వచ్చిన పరదేశ సహాయకులకు ఆ భాష రాదు. విదేశములందలి హైతీయులు తమ ఇండ్ల నుండియే వానిని అనువదించి, ఏ వీధి ఎచట నున్నదో పటమున గుర్తించి పంపిరి. ఇంతకును ఆ సంఖ్యను బాధితులకు తెలిపినది స్థానిక రేడియో! ఈ మాట చెప్పునపుడు మా గొంతున కొంత గర్వము ధ్వనించినచో శ్రోతలు మన్నింతురు గాక.

ఈ సాధనములకును కష్టకాలము కలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు విద్యుత్తుతో పాటు సెల్‌ఫోను సేవలును స్తంభించినవి. చేత ఫోనున్నను, దూరపు బంధువులకు క్షేమమను ఒక్క మాట చేర్చుటకు నగరవాసులు దినముల తరబడి వేచియుండవలసి వచ్చినది.